పెరట్లో పిల్లి

వడమాలపేట తిరుపతి జిల్లాలో ఒక మండలం. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉంది. ఇక్కడి పల్లెల్లో ఇంటి వెనుక కాస్త జాగా ఉంటే చాలు, ఆడవాళ్ళు ఆకుకూరలు వేసుకుంటారు. వంగ, బెండ, సొర పెట్టుకుంటారు. ఇంటికి కూర దొరుకుతుంది. డబ్బు మిగులుతుంది.

ఆ జాగాలోకి పిల్లి వస్తే? విత్తిన మడిని గోకుతుంది. మొలకలు పైకి తేలుతాయి. అక్కడే దొడ్డికి పోయి, పైన మట్టి కప్పుతుంది.

ఒక వీధిలో ఇలా జరిగిందనుకుందాం. ఒక ఇల్లాలు మెంతులు, ధనియాలు చల్లింది. మూడో నాటికి మడంతా గుంటలు, కంపు. ఆమె ఎదురింటికి పోయింది.

"ఏందక్కా, మీ పిల్లి మా మడంతా తవ్వేస్తా ఉండాది!"

"నా ఒక్కదాని పిల్లా అది? పదిండ్లు తిరుగుతుంది. నేనేం చేసేది?"

"అట్లయితే ఎలకల మందు పెడతా. పీడ పోతుంది."

అప్పుడే ఆశా కార్యకర్త అటు వచ్చింది. ఆ ఇల్లాలి కోడలికి నాలుగో నెల. ఆమెను చూడడానికి వచ్చింది. మాటలు విని ఆగింది.

"మందు మాట ఎత్తొద్దు వొదినా. ఆ ముక్క పిల్లే తింటుందని ఏముంది? కోడి తినొచ్చు. పాకే బిడ్డ నోట్లో పెట్టుకోవచ్చు."

"మరి గమ్మున ఉండమంటావా?"

"గమ్మున ఉండొద్దు. ముందు నీ కోడల్ని ఆ మట్టిలో చేయి పెట్టనీయొద్దు."

కోడలి మాట ఎందుకు చెప్పింది?

కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి గుడ్లు ఉంటాయి. అవి కంటికి కనిపించవు. ఈ క్రిమి ఉన్న ఎలుకలను, పిట్టలను తిన్నప్పుడు పిల్లికి ఇది వస్తుంది. మలం పడిన 1 నుంచి 5 రోజుల్లో ఆ గుడ్లు మనుషులకు అంటుకునేలా తయారవుతాయి. తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి.

చాలామందికి ఇది సోకినా పెద్దగా ఏమీ కాదు. గర్భిణికి కొత్తగా సోకితే మాత్రం ముప్పు. గర్భం పోవచ్చు. పుట్టే బిడ్డ కళ్ళకు, మెదడుకు దెబ్బ తగలవచ్చు. అందుకే గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు. మట్టి పని తప్పకపోతే చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. పచ్చిగా తినే కొత్తిమీరను బాగా కడగాలి. మాంసం బాగా ఉడికించాలి.

పిల్లి అక్కడికే ఎందుకు వస్తుంది?

మలాన్ని పూడ్చిపెట్టడం పిల్లి గుణం. అందుకు దానికి మెత్తని, పొడి మట్టి కావాలి. కొత్తగా తవ్వి విత్తిన మడి అట్లాగే ఉంటుంది. ఒకసారి పోయిన చోటికి వాసన పట్టి మళ్ళీ వస్తుంది. ఇంటి చుట్టూ చేపల ముల్లు, ఎంగిలి మెతుకులు ఉంటే ఆ వీధి వదలదు.

ఏం చేయాలి?

1. మట్టిని ఖాళీగా వదలొద్దు. విత్తిన వెంటనే మడి మీద ఎండిన కంప పరచండి. మొలకలు కంప సందుల్లోంచి పైకి వస్తాయి.

2. మొక్కలు ఎదిగాక మొదళ్ళలో చెనిక్కాయ పొట్టు, చెరకు ఆకు, కొబ్బరి పీచు పరచండి. తవ్వడానికి పిల్లికి చోటు ఉండదు. నేల తడి కూడా తొందరగా ఆరదు.

3. పుల్లలను జానెడు ఎడం కూడా లేకుండా గుచ్చినా పిల్లి కూర్చోలేదు.

4. మలం కనిపిస్తే అదే రోజు పారతో ఎత్తి, దూరంగా లోతుగా పూడ్చండి. ఆ చోట నీళ్ళు చల్లండి.

5. పెరడు చివర ఒక మూల తట్టెడు ఇసుక పోయండి. పిల్లికి ఆ చోటు అలవాటైతే మడి జోలికి రావడం తగ్గుతుంది. ఆ ఇసుకను రోజూ శుభ్రం చేయాలి. పిల్లలను అక్కడ ఆడుకోనీయొద్దు.

ఏం చేయకూడదు?

ఫినాయిల్ పోయొద్దు. అది పిల్లికి విషం, మొక్కకూ చేటు. కారం చల్లొద్దు. గాలికి లేచి పిల్లల కళ్ళల్లో పడుతుంది. విషం పెట్టి పిల్లిని చంపడం నేరం. 1960లో వచ్చిన జంతు హింస నిరోధక చట్టం ఈ సంగతి చెబుతుంది.

అయినా ఒక పిల్లిని చంపితే ఆ చోటికి ఇంకో పిల్లి వస్తుంది. పిల్లులు లేకపోతే ఎలుకలు పెరుగుతాయి. ఎలుకలు చెనిక్కాయల మూటలు కొరుకుతాయి.

పిల్లులు మరీ ఎక్కువైతే?

ఆడపిల్లి సుమారు 2 నెలలకు ఈనుతుంది. ఏడాదిలో 2, 3 ఈతలు కూడా ఈనగలదు. అందుకే పిల్లులకూ ఆపరేషన్ ఉంది. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో వచ్చిన పశువైద్య విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. ఊరి పశువుల డాక్టరును అడిగితే దారి చెబుతారు. పది ఇండ్ల పిల్లి అంటే పది ఇండ్ల బాధ్యత. ఖర్చు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు, జగడమూ ఉండదు.

మాట్లాడుకోండి

1. పిల్లి విత్తిన మడికే ఎందుకు వస్తుంది?
2. గర్భిణి ఆ మట్టిని ఎందుకు తాకకూడదు?
3. ఎలుకల మందు పెడితే ఎవరెవరికి ముప్పు?

రాయండి

మీ పెరట్లో ఉన్న 5 మొక్కల పేర్లు రాయండి. వాటి మొదళ్ళలో పరచడానికి మీ ఇంట్లో ఏముందో రాయండి.