కెరీర్ సలహాలో కంప్యూటర్ పాత్ర ఎంత? మన పాత్ర ఎంత?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు పిల్లల్ని ఎందులో చేర్చాలి?" జవాబు చాలాసార్లు పక్కింటి వారి నుంచో, బంధువుల అబ్బాయి చదివిన కోర్సు నుంచో, కాలేజీ వాళ్లు పంచిన కరపత్రం నుంచో వస్తుంది. ఆ నిర్ణయం మీద పిల్లల రాబోయే ఐదారేళ్లు, తల్లిదండ్రులు చేసే అప్పు, దాతలు ఇచ్చే ఫీజు డబ్బు ఆధారపడి ఉంటాయి. నప్పని కోర్సులో చేరి మధ్యలో మానేస్తే ఏడాది పోతుంది, ఫీజూ పోతుంది. అన్నిటికంటే నష్టం, "నాకు చదువు రాదు" అనే భావన పిల్లల మనసులో పాతుకుపోవడం.

దాతల సొమ్ము మన చేతిలో అమానత్. కాబట్టి ఫీజు కట్టడానికి ముందే సరైన దారి ఎంచుకోవడంలో పిల్లలకు తోడుండటం కూడా మన బాధ్యతే. ఈ పని ఇప్పుడు కంప్యూటర్, ఫోన్ కూడా చేస్తామంటున్నాయి. కొన్ని ప్రశ్నలకు జవాబులు నొక్కితే "మీకు ఈ వృత్తులు సరిపోతాయి" అని జాబితా చూపిస్తాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? వాటి కోసం మనం ఖర్చు పెట్టాలా? ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువతకు వృత్తి సలహా ఇచ్చే కేంద్రం ప్రారంభించారు. ఆయన చెప్పిన సూత్రంలో మూడు మాటలున్నాయి: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, ఆ రెంటినీ కలిపి ఆలోచించు. 1959లో జాన్ హాలండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల వృత్తి ఆసక్తులను ఆరు రకాలుగా విడదీశారు. అవి చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార నిర్వహణ, లెక్కలూ రికార్డుల పని. ఈనాటి ఆసక్తి పరీక్షల్లో చాలావాటికి పునాది ఇదే.

1970ల్లో అమెరికాలో మార్టిన్ కాట్జ్ 'సిగి' అనే కంప్యూటర్ వ్యవస్థను తయారు చేశారు. అది విద్యార్థిని "నీకు ఏది ముఖ్యం?" అని కూడా అడిగేది. మంచి ఆదాయమా, స్థిరత్వమా, ఇతరులకు సాయపడటమా, త్వరగా సంపాదనలో చేరడమా అని తూకం వేయించేది. తండ్రి సంపాదన చాలని ఇంట్లో పెద్ద కొడుకుకు ఈ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో మనకు తెలుసు.

మన దేశంలో 2015 జులై 20న కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను ప్రారంభించింది. ఉద్యోగం వెతుక్కునేవారు అందులో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు, వృత్తుల సమాచారం చదువుకోవచ్చు. మన రాష్ట్రంలో బడిపిల్లల కోసం యునిసెఫ్ సహకారంతో ఏపీ కెరీర్ పోర్టల్ కూడా వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ కొనడానికి మనం పెద్దగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు.

లెక్క ఎలా కడుతుంది?

అమెరికా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఓ-నెట్ ఆసక్తి పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. దాని చిన్న రూపంలో 60 ప్రశ్నలుంటాయి. పైన చెప్పిన ఆరు రకాల్లో ఒక్కోదానికి పదేసి. ప్రతి పనినీ ఎంత ఇష్టపడతారో ఐదు మెట్లలో ఒకటి ఎంచుకోవాలి. కంప్యూటర్ ఆ మార్కులు కూడి, ఎక్కువ వచ్చిన రకాలకు దగ్గరగా ఉన్న వృత్తులను చూపిస్తుంది. ఇందులో మాయ లేదు, జోస్యం లేదు. మనం ఇచ్చిన జవాబులనే వరుస మార్చి మనకు చూపించే కూడిక ఇది.

ఆ కూడిక వల్ల మేలుంది. డాక్టరు, ఇంజినీరు, టీచరు తప్ప నాలుగో పేరు వినని పిల్లలకు అది వందల వృత్తులను పరిచయం చేస్తుంది. విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా చెబుతుంది. సైన్సు అంటే భయపడే ఆడపిల్లను "నీకెందుకులే" అని కసరదు.

లెక్కలోకి రానివి

అయితే చూడని పనిని ఇష్టమో కాదో ఎలా చెప్పగలం? ప్రయోగశాలలో అడుగుపెట్టని విద్యార్థి "ప్రయోగాలు చేయడం ఇష్టమా?" అన్న ప్రశ్నకు "తెలియదు" అనే నొక్కుతాడు. పరిశోధన రకంలో అతనికి తక్కువ మార్కులు వస్తాయి. అక్కడ కనిపించేది ఆసక్తి లేకపోవడం కాదు, అవకాశం లేకపోవడం.

ఉదయగిరి కొయ్య చెంచాల పనినే తీసుకోండి. కొండ చెట్ల కొయ్యను చెక్కి చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే ఈ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. దీన్ని ఎక్కువగా చేసేది మన ముస్లిం మహిళలే. అమ్మ పక్కన కూర్చుని కొయ్యకు నునుపు పెట్టిన అమ్మాయికి కొలత, ఓపిక, చేతి నేర్పు అబ్బి ఉంటాయి. కానీ "నీకు ఏ పని వచ్చు?" అని అడిగితే "ఏమీ రాదు" అంటుంది. ఇంటి పని పనే కాదని ఆమెకు అలవాటుగా నేర్పాం. పక్కన తెలిసిన మనిషి ఉంటే ఆ నేర్పును ఫర్నిచర్ డిజైన్ వైపో, దంత వైద్యశాలల కోసం పళ్ల సెట్లు చేసే సాంకేతిక పని వైపో, సొంత వ్యాపారం వైపో కలిపి చూపగలరు.

రెండోది భాష. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు కడపలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్ ఉంది. అందరికీ ఒకే జాబితా చూపే యంత్రం ఈ ఒక్క పిల్లవాడికి పనికొచ్చే దారిని ప్రత్యేకంగా ఎత్తి చూపదు.

మూడోది దూరం. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. హాస్టల్ దొరుకుతుందా, ఆడపిల్లను అంత దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నవి ఆ 60 ప్రశ్నల్లో లేవు. మన మెట్ట ప్రాంతంలో చదువు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

ఐదు దినుసులు

ఏ రకం కెరీర్ సలహా నిజంగా ఫలితం ఇస్తుంది? స్టీవెన్ బ్రౌన్, నాన్సీ ర్యాన్ క్రేన్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసి, 2000లో ఐదు అంశాలు కీలకమని తేల్చారు. ఒకటి, విద్యార్థి తన లక్ష్యాలను స్వయంగా రాసుకోవడం. రెండు, పరీక్ష ఫలితాన్ని ఎవరికి వారికి విడిగా విప్పి చెప్పడం. మూడు, వృత్తుల గురించి తాజా సమాచారం. నాలుగు, ఆ దారిలో నడిచిన మనుషులను చూపించడం. ఐదు, ఇంటివారి, చుట్టుపక్కల వారి అండ కూడగట్టడం.

వీటిలో మూడోది కంప్యూటర్ బాగా చేస్తుంది. మొదటిదానికి కొంత సాయపడుతుంది. మిగిలిన మూడూ మనుషులు చేయాల్సినవి. ఫలితాన్ని విప్పి చెప్పడానికి ఒక మాస్టారు కావాలి. చూపించడానికి మన ఊరి నుంచే వెళ్లి నర్సుగానో, ఎలక్ట్రీషియన్‌గానో, అకౌంటెంట్‌గానో స్థిరపడిన వారు కావాలి. తల్లిదండ్రులను ఒప్పించడానికి మహల్లాలో మాట చెల్లే పెద్దలు కావాలి.

దాతలు దేనికి ఇవ్వాలి?

కంప్యూటర్లు కొనివ్వడం కంటికి కనిపించే దానం. కానీ పక్కన మనిషి లేకపోతే అవి దుమ్ము పడతాయి. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ చాలు. అసలు ఖర్చు మనిషి మీద పెట్టాలి. శిక్షణ ఇచ్చిన ఒక స్థానిక సలహాదారు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఒక్కో విద్యార్థితో కనీసం మూడుసార్లు కూర్చోవాలి: పరీక్ష రాయించేటప్పుడు, ఫలితం వివరించేటప్పుడు, తల్లిదండ్రుల సమక్షంలో నిర్ణయం తీసుకునేటప్పుడు.

ఈ పని ఫలితాల వారంలో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. డిప్లొమా ప్రవేశానికి రాసే పాలీసెట్ దరఖాస్తు గడువు ఇటీవల పదో తరగతి ఫలితాల కంటే ముందే ముగుస్తోంది. ఫలితాలు చూసి ఆలోచిద్దామనుకున్న ఇంటికి ఆ తలుపు అప్పటికే మూసి ఉంటుంది. అందుకే తొమ్మిదో తరగతి చివర్లోనే సలహా మొదలవ్వాలి. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చనీ, గల్ఫ్ వెళ్లాలనుకునేవారు కూడా పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ తనిఖీ షరతు ఉండదనీ ఇంటివారికి ముందే తెలియాలి.

కొన్ని జాగ్రత్తలు

ప్రభుత్వ పోర్టళ్లనే ముందు వాడాలి. ఉచిత పరీక్ష పేరుతో ఫోన్ నంబరు అడిగే ప్రైవేటు సైట్లలో పిల్లల వివరాలు ఇవ్వకూడదు. ఆ తర్వాత వచ్చే ఫోన్లు సలహా కోసం కాదు, సీట్లు అమ్మడం కోసం. పరీక్షను ఒకసారితో వదిలేయకుండా ఏడాది తర్వాత మళ్లీ రాయించాలి. పదిహేనేళ్ల వయసులో ఇష్టాలు మారుతుంటాయి. పరీక్ష రాసే ముందు పిల్లలను ఒక ఆసుపత్రికో, వర్క్‌షాపుకో, బ్యాంకుకో తీసుకెళ్లి పనిని కళ్లారా చూపించాలి. అప్పుడు వారిచ్చే జవాబులకు అర్థం ఉంటుంది. కంప్యూటర్ ఇచ్చిన జాబితాను తీర్పుగా కాక, ఇంట్లో మాట మొదలుపెట్టడానికి ఒక కాగితంగా చూడాలి.

దాతలకు మా విన్నపం ఇదే. ఒక విద్యార్థి ఫీజుకు మీరు ఇచ్చే మొత్తంలో చిన్న భాగాన్ని ఆ ఫీజు ఏ కోర్సుకు కట్టాలో తేల్చే పనికి కేటాయించండి. మీలో ఉద్యోగులు, వ్యాపారులు, వృత్తి నిపుణులు ఉన్నారు. డబ్బుతో పాటు ఏడాదికి ఒక్క ఆదివారం ఇచ్చి, మీ పని గురించి మన పిల్లలకు చెప్పండి. ఆ నాలుగో దినుసు ఏ యంత్రంలోనూ దొరకదు.