కుటుంబం తెలియని చిమ్మట

చి. ల. సౌ. స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

ఫొటోలు అందాయి. బాల్టిక్ అంబర్‌లో చిమ్మట, అదీ రెక్కలు విప్పుకుని! నీ సంబరం చూస్తే నాకూ ముచ్చటేసింది. కానీ అప్పుడే కుటుంబం తేల్చేసి, కొత్త ప్రజాతికి పేరు కూడా అనుకున్నానన్నావే, అక్కడ కాస్త ఆగమ్మా.

ఎడమ రెక్క మీద తెల్లటి పొర కమ్మి ఉంది చూశావా? పురుగు కుళ్ళేటప్పుడు జిగురులో పుట్టే సన్నటి బుడగలవి. వాటి వెనక ఈనెలు ఎక్కడ చీలాయో నాకైతే కనబడలేదు. పిన్నుకు గుచ్చిన చిమ్మటైతే రెక్క మీద ఓ చుక్క ఆల్కహాల్ వేస్తే చాలు, పొలుసుల కిందున్న ఈనెలు క్షణంపాటు పైకి తేలతాయి. అంబర్‌లో ఆ వీలు లేదు. రెండో వైపు నుంచి సాన పట్టి చూడాలి, లేదా సీటీ స్కాన్ తీయించాలి.

పై ఆకారాన్ని మాత్రం నమ్మకు. జురాసిక్ కాలపు కాలిగ్రమాటిడ్‌లకు కళ్ళలాంటి మచ్చలు, పొలుసులు, పొడుగాటి తొండం అన్నీ ఉన్నాయి. ఎవరు చూసినా సీతాకోకచిలుకలే అంటారు. తీరా అవి లేస్‌వింగ్‌ల చుట్టాలు! ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో దొరికిన ఆర్కియోలెపిస్ మానే అనే శిలాజానికి సుమారు 19 కోట్ల ఏళ్ళు. రెక్క మీద పొలుసులున్నాయి కనుక లెపిడాప్టెరా, అంటే చిమ్మటలూ సీతాకోకచిలుకల వర్గం, అన్నారు. 1985లో దాన్ని వర్ణించారు. ఇప్పుడు బతికున్న ఏ కుటుంబంలోనూ దాన్ని ఇమడ్చలేకపోయారు.

కొంచెమే దొరికినా చాలా చెప్పొచ్చు, దొరికింది సరైనదైతే. ఉత్తర జర్మనీలో షాండెలా దగ్గర భూమిలోంచి తీసిన రాతిని ఆసిడ్‌లో కరిగించి పుప్పొడి వెతుకుతుంటే, 20 కోట్ల ఏళ్ళనాటి పొలుసులు ఓ డెబ్భై బయటపడ్డాయి. వాటిని దేంతో ఏరారనుకున్నావు? సూది కొసకు అంటించిన ముక్కు వెంట్రుకతో! నవ్వకు, అంత నాజూకు పనిముట్టు కొట్లో దొరకదు. ఆ పొలుసుల్లో కొన్ని లోపల బోలుగా ఉన్నాయి. దవడలతో నమిలే పాతకాలపు చిమ్మటలవి నిండుగా ఉంటాయి. బోలువి తొండమున్న గ్లొసాటా శాఖవి. అంటే పూలమొక్కల తొలి శిలాజాలకంటే ఎన్నో కోట్ల ఏళ్ళ ముందే తొండం ఉందన్నమాట. శంకువులు కాసే చెట్ల మీద ఊరే తీపి చుక్కలు తాగేవేమోనని ఆ పరిశోధకుల ఊహ. 2018లో ఇంత రాసినవాళ్ళు కూడా శాఖ దగ్గరే ఆగారు, కుటుంబం జోలికి పోలేదు. నాకు వాళ్ళలో నచ్చింది అదే.

ఇతర ప్రజాతులతో పోల్చి చూశాక కొత్తదేనని నమ్మకం కుదిరితే పేరు పెట్టు, ఎవరొద్దన్నారు? కుటుంబం దగ్గర మాత్రం 'ఇన్సర్టే సెడిస్', అంటే స్థానం తేలలేదని, రాయి. మీ గైడుకు అది వెలితిగా అనిపించొచ్చు. ఏ ఈనె కనబడలేదో, ఎందుకు కనబడలేదో బొమ్మ గీసి చూపించు, ఒప్పుకుంటారు. సోన్, లాబండేరా బృందం 2012లో జూటాక్సాలో వేసిన లెపిడాప్టెరా శిలాజాల జాబితా కూడా ముందేసుకో. పాత వర్ణనల్ని వాళ్ళు ఎలా ప్రశ్నించారో చూడు.

సాన పట్టేటప్పుడు నీళ్ళు పోస్తూ మెల్లగా చెయ్యి, వేడెక్కితే అంబర్ చిట్లుతుంది. తల కింది వైపు ఫొటో వస్తే వెంటనే పంపు. తొండం ఉందో దవడలున్నాయో ముందు తేల్చుకుందాం.

ఇట్లు,
పెదనాన్న