మొక్కకు కావలసింది వెలుతురు, వేడి కాదు



సంక్రాంతి సెలవుల తర్వాత ఏడో తరగతి పిల్లలకు ఒక సైన్స్ ప్రాజెక్ట్ ఇచ్చాను. ఇంట్లో ఎండ పడని చోట, ఒక కప్పులో మెంతులు వేసి, పదిహేను రోజులు పెంచి తీసుకురావాలి. సూచనల కాగితంలో "మంచి వెలుతురులో ఉంచాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఒక అమ్మాయి తెచ్చిన కప్పులో మొలకలన్నీ వాడిపోయి, ఆకుల అంచులు మాడి ఉన్నాయి. పదికి నాలుగు మార్కులు వేసి, "శ్రద్ధ తీసుకోలేదు" అని రిమార్క్ రాశాను.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు రోజుకొకటి చొప్పున తీసిన ఫొటోలు ఫోన్‌లో చూపించారు. "పొద్దున లేవగానే ముందు దాన్నే చూసేదండీ మేడమ్" అన్నారు. మొదటి వారం కప్పు హాల్లో టీవీ పక్కన ఉంది. మొలకలు పాలిపోయి, సన్నగా, పొడుగ్గా సాగాయి. వెలుతురు చాలట్లేదని వాళ్ల నాన్నగారు పాత టేబుల్ ల్యాంప్‌కి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి, మొలకలకు బెత్తెడు ఎత్తున పెట్టారు. మూడు రోజుల్లో మొలకలు వాడాయి. దాహం వేస్తోందేమోనని ఇంకా నీళ్లు పోశారు. అంటే ఇంట్లో అందరూ శ్రద్ధ తీసుకున్నారు. చెప్పాల్సింది చెప్పనిది నేను. అదే ఇప్పుడు రాస్తున్నాను.

వెలుతురు విషయంలో మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే హాలంతా పట్టపగల్లా అనిపిస్తుంది. కొలిచి చూస్తే అక్కడ వంద, రెండు వందల లక్స్ మాత్రమే ఉండొచ్చు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. మనం చదువుకోవడానికి చాలిన వెలుతురు మొక్క వంట చేసుకోవడానికి చాలదు. అందుకే అది వెలుతురు వెతుక్కుంటూ పొడుగ్గా సాగుతుంది. చూసేవాళ్లు "బాగా పెరిగింది" అనుకుంటారు. నిజానికి అది ఆకలి.

అలాగని బల్బును మీదికి దించేస్తే సరిపోదు. ఫిలమెంట్ బల్బుకు రూపాయి కరెంటు ఇస్తే ఐదు పైసలంత కూడా వెలుతురుగా మారడం కష్టం, మిగతాదంతా వేడే. దాదాపు అంతే వెలుతురును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. ఎల్‌ఈడీ కూడా వేడెక్కుతుంది కానీ ఆ వేడి ఎక్కువగా దాని వెనక భాగంలో పుడుతుంది. ఆకు మీద పడేది చాలా తక్కువ.

వేడెక్కిన ఆకు ఏం చేస్తుందో ఏడో తరగతి పిల్లలు మీకు చెప్పగలరు. ఆకు కింది వైపు ఉండే సన్నని రంధ్రాల గుండా నీటి ఆవిరిని వదిలి చల్లబడుతుంది. వేర్లు అందించేదానికంటే ఎక్కువ నీరు పోతుంటే ఆ రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు. ఎదురుగా వెలుతురు ఎంత ఉన్నా వంట ఆగిపోతుంది.

దీనికంటే కష్టమైనది తక్కువ వెలుతురు, ఎక్కువ వేడి. వేడి పెరిగేకొద్దీ మొక్క శ్వాసక్రియ పెరిగి, దాచుకున్న ఆహారం త్వరగా ఖర్చవుతుంది. వెలుతురు లేక సంపాదన ఉండదు. మే నెలలో కిటికీలు మూసేసిన మన ఫ్లాట్లలో మొక్కల పరిస్థితి ఇదే. మెంతి, కొత్తిమీర అసలే చలికాలపు పంటలు. వేసవిలో పెంచాలనుకుంటే ఇంట్లో అన్నిటికంటే చల్లని గది చూడండి. లైటును సాయంత్రం వేసి తెల్లవారాక ఆపండి. మొక్కకు పగటి గంటల చీకటైనా సరిపోతుంది. పడమటి కిటికీ అద్దానికి ఆనించి పెట్టిన కుండీనైతే మూరెడు వెనక్కి జరపండి.

ల్యాంప్ ఎంత ఎత్తులో ఉండాలంటే, ఎల్‌ఈడీ బల్బు జానెడు ఎత్తుతో మొదలుపెట్టండి. అక్కడి నుంచి మూరెడుకు జరిపితే దూరం రెండింతలే, కానీ వెలుతురు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. దూరంతో లెక్క అంత కఠినంగా ఉంటుంది. ఆకులు ఉన్న ఎత్తులో అరచేయి బోర్లించి అర నిమిషం ఉంచండి. చేతి వెనక వెచ్చగా తగిలితే బల్బును కొంచెం పైకి లేపాలి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉంటే పిల్లలతో రెండు చోట్లా కొలిపించండి. కచ్చితమైన లెక్క కాకపోయినా తేడా తెలుస్తుంది.

కొందరు అట్టపెట్టెకు లోపల వెండిరంగు కాగితం అంటించి, బల్బు పెట్టి మూసేస్తున్నారు. దయచేసి మూయకండి, పైభాగం తెరిచే ఉంచండి. ఫిలమెంట్ బల్బును అట్టపెట్టెలో గానీ, కర్టెన్ దగ్గర గానీ అసలు పెట్టకండి. తడి చేతులతో ప్లగ్ ముట్టుకోకూడదని పిల్లలకు నేనూ చెబుతాను, మీరూ చెప్పండి.

ఆ అమ్మాయి రిమార్క్ కొట్టేసి, ప్రాజెక్ట్ మళ్లీ చేయమన్నాను. ఈసారి మూడు కప్పులు తెచ్చింది: జానెడు దూరంలో పెంచింది, మూరెడు దూరంలో పెంచింది, టీవీ పక్కన పెంచింది. అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది టీవీ పక్కదే. క్లాసులో సగం మంది దానికే ఫస్ట్ ప్రైజ్ అన్నారు. "ముందు తూకం వేద్దాం టీచర్" అంది తను. వచ్చే సోమవారం ల్యాబ్‌లో వేర్లతో సహా తీసి, మట్టి కడిగి తూస్తున్నాం.