దీవుల్లో ఇంటి సర్వర్: ఉప్పుగాలి, ఉక్కపోత, భూకంపం మధ్య పెద్ద పెట్టెను ఎక్కడ పెట్టాలి?

ఫొటోలు, వీడియోలు, చదువు పాఠాలు, చిన్న వ్యాపారాల లెక్కలు ఇంట్లోనే భద్రపరచుకోవడానికి సొంత సర్వర్ పెట్టుకునేవారు ఇటీవల పెరుగుతున్నారు. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ అవసరం కాస్త ఎక్కువ. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి మరో ఏడు దీవులకు సముద్రగర్భ ఆప్టికల్ కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ఈ దీవులు ఉపగ్రహ లింకుల మీదే ఆధారపడేవి. కేబుల్ వచ్చాక వేగం పెరిగింది. అయినా వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం అవతల ఉన్న సమాచారానికి ఒక నకలు ఇంట్లో ఉండటం మంచిదే.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడలో వెళ్లాలంటే రెండు రోజులకు పైగా పడుతుంది. ఒక విడిభాగం పాడైతే కొత్తది రావడానికీ అంతే ఆలస్యం. కాబట్టి పెట్టెను కొనేముందే దాన్ని ఎక్కడ, ఎలా ఉంచాలో ఆలోచించాలి.

పెట్టె కొలతలు

ర్యాక్‌మౌంట్ పెట్టెల ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యు’ అనే ప్రమాణంలో కొలుస్తారు. 1యు అంటే 1.75 అంగుళాలు, 44.45 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 4యు పెట్టె ఎత్తు సుమారు 178 మిల్లీమీటర్లు. చాలామంది మరచిపోయేది లోతు. పెద్ద పెట్టెలు 65 సెంటీమీటర్ల వరకూ ఉంటాయి. వెనక తీగలకు, గాలికి మరో 15 సెంటీమీటర్లు వదలాలి. మామూలు పుస్తకాల అలమరలో ఇది పట్టదు.

ఇక బరువు. మూడున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ ఒక్కోటి దాదాపు 700 గ్రాములు ఉంటుంది. పన్నెండు డిస్కులు పెడితే వాటి బరువే 8 కిలోలు దాటుతుంది. మొత్తం పెట్టె 30 కిలోలకు చేరవచ్చు. ముందు చెవులకు బిగించే నాలుగు స్క్రూలు ఈ బరువును మోయలేవు. కింద పట్టాలు గానీ, గట్టి అర గానీ తప్పనిసరి.

పెద్ద పెట్టెలో ఒక లాభం ఉంది. ఫ్యాన్ నెట్టే గాలి దాని వేగానికీ, వ్యాసం ఘనానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. 1యు పెట్టెలో పట్టేది 40 మిల్లీమీటర్ల ఫ్యాను. 4యు పెట్టెలో 120 మిల్లీమీటర్లది పడుతుంది. వ్యాసం మూడింతలైతే గాలి 27 ఇంతలు. అందుకే పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా పని జరుగుతుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పడకగది పక్కన పెట్టుకునేవారికి ఈ తేడా నిద్రకు సంబంధించినది.

అలమరలో పెట్టి తలుపు మూస్తే?

సర్వర్ తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. 250 వాట్లు వాడే సర్వర్ అంటే 250 వాట్ల హీటరే. గాలి చొరని చెక్క అలమరలో పెట్టామనుకుందాం. వేడి బయటకు పోయే ఉపరితలం 4 చదరపు మీటర్లు, చెక్క మందం 18 మిల్లీమీటర్లు అనుకుంటే, లోపలి గాలి బయటికన్నా ఇంచుమించు 24 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గది 30 డిగ్రీలుంటే అలమర లోపల 54. డిస్కులు అంతకన్నా ఇంకా వేడిగా ఉంటాయి. వాటికి తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి సాధారణంగా 60 డిగ్రీలు.

అదే గాలి ఆడితే? గాలి సాంద్రత, విశిష్టోష్ణం తీసుకుని లెక్క వేస్తే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకుండా 250 వాట్ల వేడిని మోసుకుపోవడానికి సెకనుకు 21 లీటర్ల గాలి చాలు. సెకనుకు ఒక మీటరు వేగంతో అది పోవాలంటే 15 సెంటీమీటర్ల చదరపు రంధ్రం సరిపోతుంది. కింద ముందువైపు ఒకటి, పైన వెనకవైపు ఒకటి పెట్టాలి. రెంటికీ సన్న జాలీ బిగిస్తే చీమలు, బల్లులు లోపలికి రావు.

అసలు శత్రువు తేమ

పోర్ట్ బ్లెయిర్‌లో ఎండాకాలం కూడా 40 డిగ్రీలు ఉండదు. వేడి విషయంలో విజయవాడకన్నా అదే నయం. కానీ నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అక్కడ కురుస్తాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత తరచూ 80 శాతం దాటుతుంది. దానికి సముద్రపు ఉప్పు తోడవుతుంది.

మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. ఆర్ద్రత సుమారు 75 శాతం దాటగానే అది గాలిలోని తేమను పీల్చుకుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు నీరుకారడం అందరికీ తెలిసిందే. సర్క్యూట్ బోర్డు మీద పడ్డ ఉప్పు రేణువు కూడా అలాగే ఉప్పునీటి బిందువవుతుంది. ఉప్పునీటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది, రాగి తీగలు తుప్పు పడతాయి.

ఇప్పుడు ఒక ఆసక్తికరమైన లెక్క చూద్దాం. బయటి గాలి 28 డిగ్రీలు, ఆర్ద్రత 85 శాతం. నడుస్తున్న సర్వర్ లోపల అదే గాలి 38 డిగ్రీలకు వేడెక్కితే, అందులోని నీటి ఆవిరి మారకపోయినా, సాపేక్ష ఆర్ద్రత 48 శాతానికి పడిపోతుంది. అంటే నడుస్తున్న సర్వర్ తనను తానే ఆరబెట్టుకుంటుంది. ప్రమాదం ఎక్కువగా ఆపేసినప్పుడు. సెలవుల్లో నెల రోజులు ఆపి ఊరెళ్తే, చల్లబడిన పెట్టెలో ఉప్పు మళ్లీ నీరవుతుంది. ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే డిస్కులు తీసి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచడం మేలు.

అయితే ముందువైపు నుంచి లోపలికి వచ్చే గాలి ఇంకా వేడెక్కదు కాబట్టి అక్కడి భాగాలకు ఈ రక్షణ తక్కువ. పైగా సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం ఆర్ద్రతలోనే నీరవుతుంది. అందుకని గాలి వచ్చే చోట ఫిల్టర్ పెట్టి, దాన్ని తరచూ కడిగి, పూర్తిగా ఆరబెట్టి వాడాలి. రెండు రుతుపవనాల వల్ల సముద్రపు గాలి రెండు వైపుల నుంచీ వీస్తుంది. కనుక కిటికీ పక్కన కాక, ఇంటి మధ్యగదిలో లోపలి గోడ దగ్గర పెట్టడం మంచిది.

ఏసీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 30 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలి తుషారాంకం 26 డిగ్రీలు. అంతకన్నా చల్లని ఏ వస్తువు మీదైనా ఆ గాలిలోని తేమ నీటి బిందువులుగా పేరుకుంటుంది. ఏసీలో 24 డిగ్రీలకు చల్లబడిన, ఆపి ఉన్న పెట్టె దగ్గర కిటికీ తెరిస్తే జరిగేది ఇదే. ఏసీ వాడితే నిరంతరం వాడాలి, లేదంటే గాలి ఆడే ఏర్పాటుతోనే సరిపెట్టుకోవాలి.

భూమి కదిలితే

2004 డిసెంబర్ 26న వచ్చిన 9.1 తీవ్రత భూకంపం, సునామీ ఈ దీవుల్ని కుదిపేశాయి. 2016 నాటి భారత ప్రమాణం ఐఎస్ 1893 ప్రకారం ఇవి అత్యధిక ప్రమాదమున్న 5వ జోన్‌లో ఉన్నాయి. ఆ జోన్ గుణకం 0.36, అంటే గురుత్వ త్వరణంలో 36 శాతం.

నేలమీద ఊరికే నిలబెట్టిన ర్యాక్ వెడల్పు 60 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 90 సెంటీమీటర్లు అనుకుందాం. అడుగు వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే 0.33 వస్తుంది. అంతకు మించిన త్వరణానికి ర్యాక్ ఒక అంచు మీద లేవడం మొదలవుతుంది. బరువైన యూపీఎస్, బ్యాటరీలను కింది అరల్లోకి దించి గరిమనాభిని 45 సెంటీమీటర్లకు తెస్తే ఇదే సంఖ్య 0.67 అవుతుంది. దానితోపాటు ర్యాక్‌ను గోడకు, నేలకు బోల్టులతో బిగించాలి. నీరు చేరే ఇళ్లలో అడుగున గట్టి దిమ్మె కట్టి, దానికే బిగించాలి.

కరెంటు లెక్క

దీవులకు ప్రధాన భూభాగం గ్రిడ్‌తో సంబంధం లేదు. సౌర విద్యుత్తు, డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్తు ఉన్నా, ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే. 250 వాట్ల సర్వర్ నెలంతా నడిస్తే 180 యూనిట్లు. లీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున చూస్తే, ఓడలో వచ్చిన డీజిల్ 50 లీటర్లకు పైగా ఖర్చవుతుంది. పాత, పెద్ద సర్వర్ చవకగా దొరికిందని కొనేముందు ఈ లెక్క చూడాలి. తక్కువ విద్యుత్తు తినే ప్రాసెసర్, తక్కువ సంఖ్యలో ఎక్కువ సామర్థ్యమున్న డిస్కులు తీసుకుంటే 80 వాట్లలోనే పని జరగవచ్చు. అప్పుడు వేడి, శబ్దం, గాలితో వచ్చే ఉప్పు, బిల్లు అన్నీ తగ్గుతాయి.

మీరే చేసి చూడండి

సర్వర్ కొనకముందే, పెట్టాలనుకున్న చోట ఉష్ణోగ్రత, ఆర్ద్రత చూపే చిన్న డిజిటల్ మీటరును ఒక వారం ఉంచండి. ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి కొలతలు రాసుకోండి. ఆర్ద్రత తరచూ 75 శాతం దాటుతుంటే మరో గది వెతకండి. తర్వాత అక్కడే రెండు 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బులను, చెక్కకు తగలకుండా, మీరు దగ్గరే ఉండి మూడు గంటలు వెలిగించి, ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడండి. 10 డిగ్రీలు దాటితే రంధ్రాలు పెద్దవి చేయాలి. ఏ గది అయినా, ముఖ్యమైన సమాచారం మరో నకలు వేరే చోట, వీలైతే వేరే ఊళ్లో ఉంచడం మరవకండి.