ఆదివారపు నియమం

పాఠ్యభాగ ఉద్దేశం

నియమాన్ని నిలుపుకోవడంలోని ధైర్యాన్ని, దానిని సడలించడంలోని కరుణను ఒకే వ్యక్తి జీవితంలో దర్శింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు పట్టణానికి చేరువలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగులకు ఒక చికిత్సాలయం వెలసింది. స్కాట్లాండు దేశీయురాలైన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు పాస్టరు జార్జి కెర్ దానిని నెలకొల్పారు. స్థానిక ప్రముఖుడు నర్సాగౌడ్ అందుకు ఉదారంగా విరాళమిచ్చాడు. పాస్టరు సేవ ప్రార్థనా మందిరపు గడపతో ఆగదనడానికి బోధను చెరకు సీమకు సమీపాన ఉన్న ఆ ఆసుపత్రి ఒక నిదర్శనం. అదే స్కాట్లాండుకు చెందిన ఎరిక్ లిడెల్ కూడా అటువంటి పాస్టరే. అయితే అంతకు ముందు అతడు లోకం మెచ్చిన పరుగు వీరుడు.

లిడెల్ 1902 జనవరి 16న చైనాలోని టియెంట్సిన్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు మిషనరీలు. 1920లో అతడు ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి విజ్ఞానశాస్త్రం అభ్యసించాడు. రగ్బీ క్రీడలో స్కాట్లాండు జట్టుకు ప్రాతినిధ్యం వహించాడు. 1923లో జరిగిన 440 గజాల పందెంలో ఆరంభంలోనే మరొక క్రీడాకారుడు తగలడంతో కిందపడ్డాడు. లేచి చూసేసరికి తక్కినవారు చాలా ముందున్నారు. అయినా పరుగెత్తి అందరినీ దాటి గెలిచాడు.

1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పతకం అతనిదేనని అభిమానులు ఆశించారు. కాని ఆ పందెపు తొలి పోటీలు ఆదివారం నాడు జరుగుతాయని తెలిసింది. ఆదివారం దైవారాధనకు, విశ్రాంతికి కేటాయించిన దినమని అతని విశ్వాసం. అందువల్ల ఆ పందెం నుండి తప్పుకున్నాడు. దేశగౌరవం కన్న మతనియమం మిన్నయా అని విమర్శలు వచ్చినా చలించలేదు. తనకు అంతగా అలవాటులేని 400 మీటర్ల పందేనికి సాధన చేశాడు. జూలై 11న ఆ పందెంలో అందరికంటె వెలుపలి వరుసలో పరుగెత్తి, 47.6 సెకన్లలో గమ్యం చేరి స్వర్ణపతకం సాధించాడు. 200 మీటర్లలో కాంస్యం కూడా అతనికి దక్కింది. కొద్ది రోజులకే పట్టభద్రుడైన అతణ్ణి తోటి విద్యార్థులు భుజాలపై ఊరేగించారు.

కీర్తి శిఖరాన ఉన్నప్పుడే, 1925లో, అతడు చైనాకు తిరిగి వెళ్ళి ఒక కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1932లో పాస్టరుగా అభిషిక్తుడయ్యాడు. తరువాత యుద్ధంతో నలిగిన పల్లెసీమలలో సేవ చేశాడు. 1941లో ప్రమాదం ముంచుకొస్తుండగా గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపి, తాను అక్కడే ఉండిపోయాడు. అక్కడ పుట్టిన మూడవ కుమార్తెను అతడు కన్నులారా చూడనే లేదు.

1943లో జపాను సైన్యం అతణ్ణి వెయ్‌షియెన్ శిబిరంలో నిర్బంధించింది. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు అక్కడ అనేకులుండేవారు. లిడెల్ వారికి పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం మాత్రం ఆటలు లేవు. ఒక ఆదివారం కొందరు పిల్లలు తామే హాకీ ఆడబోయి కలహించుకున్నారు. ఆ మరుసటి ఆదివారం లిడెల్ స్వయంగా మైదానానికి వచ్చి వారి ఆటకు మధ్యవర్తిగా నిలిచాడు! ఒలింపిక్ స్వర్ణం కోసం సడలించని నియమాన్ని నిస్సహాయులైన పిల్లల కోసం సడలించాడు. తన కీర్తి కొరకు నియమాన్ని వదలుకోవడం వేరు, పరుల మేలు కొరకు వదలుకోవడం వేరు. ఆ భేదం ఎరుగుటే వివేకం.

1945 ఫిబ్రవరి 21న, శిబిరానికి విముక్తి లభించడానికి ఆరు నెలల ముందు, మెదడులోని కణితి కారణంగా లిడెల్ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 43 సంవత్సరాలు. 1991లో ఎడింబరో విశ్వవిద్యాలయం అక్కడ స్కాట్లాండు శిలతో స్మారక చిహ్నం నిలిపింది.

అర్థాలు

నిదర్శనం = దృష్టాంతం
అభిషిక్తుడు = మతవిధి ప్రకారం నియమితుడైనవాడు
కలహించు = పోట్లాడు
భేదం = తేడా

ప్రశ్నలు

1. లిడెల్ 100 మీటర్ల పందెం నుండి ఎందుకు తప్పుకున్నాడు?
2. శిబిరంలో లిడెల్ తన నియమాన్ని సడలించిన సందర్భాన్ని వివరించండి.
3. "ఆ భేదం ఎరుగుటే వివేకం" – ఈ వాక్యాన్ని మీ అనుభవంతో సమర్థించండి.