నూటికి ఎంత పడుతోందో ముందు చూడు

చి. చిన్నాకి,



నువ్వు పంపిన మూడు స్టేట్‌మెంట్లూ చూశాను. మొదటి కార్డు మీద 80,000, రెండో దాని మీద 20,000, మూడో కార్డులో ల్యాప్‌టాప్ కొని ఈఎంఐగా మార్చుకున్నది ఇంకో 60,000. హాస్టల్ ఫీజూ, తిండీ, మెట్రో ఛార్జీలూ పోను నెలకు 20,000 అప్పులకు తీయగలనన్నావు. ఏది ముందు తీర్చాలని అడిగావు. హైదరాబాద్‌లో మైత్రీవనం చుట్టూ కోర్సుల కోసం వచ్చి, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో చేరి, ఉద్యోగం రాగానే కార్డులు తీసుకునే పిల్లలు ఎంతోమంది. ఈ ప్రశ్న వాళ్ళలో చాలామందికి ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. నీ రూమ్మేట్లకీ చూపించు.

మన ఊళ్ళో అప్పు అడిగేటప్పుడు మొదటి మాట "నూటికి ఎంత?" అనే కదా. నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు పడితే రెండు రూపాయల వడ్డీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. నీ కార్డుల్నీ ఆ లెక్కలోకి తెచ్చుకో. మొదటి కార్డు నెలకు 3.75 శాతం అంటే మూడు రూపాయల ముప్పావలా. రెండోది మూడున్నర. ఈఎంఐ ఏడాదికి 15 శాతం అంటే రూపాయి పావలా. ఈ వడ్డీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి మొదటి కార్డు నిజానికి నీకు దాదాపు నాలుగున్నర రూపాయల వడ్డీ అప్పు. ఊళ్ళో ఎవరైనా ఈ వడ్డీ చెబితే మీ నాన్న గుమ్మం దిగి వచ్చేస్తాడు.

దీనికి చట్టం అడ్డుకట్ట వేస్తుందని అనుకోకు. ఏడాదికి 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఈ వడ్డీని తగ్గించుకునే దారి నువ్వు కట్టే వరసలోనే ఉంది.

మొదటి పని, ప్రతి కార్డుకూ మినిమమ్ డ్యూ గడువులోపు కట్టడం. ఇందులో వరస లేదు, మూడింటికీ తప్పదు. అది తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. కానీ అక్కడితో ఆగిపోతే ఏమవుతుందో చూడు. 80,000 మీద ఒక నెల వడ్డీ 3,000, జీఎస్టీ 540. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే 4,000. అందులో నీ అసలు తీరేది 460 రూపాయలు. కొత్తగా ఒక్క రూపాయి వాడకుండా ఇలా మినిమమే కడుతూ పోతే బాకీ సగానికి రావడానికే పదేళ్ళు పడుతుంది. మినిమమే కడితే తీర్చడం ఏళ్ళ తరబడి సాగుతుందని ప్రతి స్టేట్‌మెంట్‌లో హెచ్చరిక ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. నీ కాగితాల్లోనూ ఉంది, వెతికి చదువు.

ఇప్పుడు వరస. 20,000నీ బాకీల సైజును బట్టి 10,000, 2,500, 7,500గా పంచుదామనుకుంటున్నానని రాశావు. ఇలా చేసేవాళ్ళు లోకమంతా ఉన్నారు. బ్రిటన్ కార్డుదారుల లెక్కలు చూసిన ఒక పరిశోధన 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. జనం వడ్డీ రేట్లు పట్టించుకోకుండా, బాకీ పెద్దదైతే పెద్ద మొత్తం, చిన్నదైతే చిన్న మొత్తం కడుతున్నారని అందులో తేలింది. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది గానీ డబ్బు పోతుంది. నువ్వు చౌక అప్పుకు కట్టిన ప్రతి అదనపు రూపాయికీ బదులు ఒక ఖరీదైన అప్పు రూపాయి అలాగే మిగిలిపోతుంది.

మినిమమ్‌లూ ఈఎంఐ కలిపి 10,550 పోతే నీ చేతిలో మిగిలేది 9,450. సులువుగా పదివేలనుకుందాం. దాన్ని మొదటి కార్డుకు కడితే నెలకు 442 రూపాయల భారం తగ్గుతుంది. ఈఎంఐకి కడితే తగ్గేది 147. ముందే ముగిస్తే రుసుము కూడా అడగవచ్చు. కాబట్టి ఈఎంఐని దాని దారిన నడవనివ్వు. గడువుకు కట్టు, అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వకు.

ఇక మిగిలిన రెండు కార్డుల మధ్య తేడా నూటికి పావలా మాత్రమే. ఖచ్చితమైన లెక్కంటే మొదటి కార్డే ముందు. కానీ నేను 20,000 ఉన్న రెండో కార్డును ముందు తీర్చమంటాను. ఇందువల్ల నీకు పడే అదనపు ఖర్చు జీఎస్టీతో కలిపి నెలకు 60 రూపాయలు దాటదు. దానికి బదులుగా మూడో నెలకల్లా ఒక బాకీ పూర్తిగా పోతుంది, గుర్తుంచుకోవలసిన ఒక గడువు తగ్గుతుంది. ఒక్క గడువు తప్పినా పడే రుసుము ఈ 60 రూపాయలకు ఎన్నో రెట్లుంటుంది. సూత్రం ఇంతే: వడ్డీల్లో తేడా పెద్దదైతే ఎక్కువ వడ్డీది ముందు, తేడా పావలా పరకా అయితే చిన్న బాకీ ముందు. రెండోది తీరగానే దానికి కట్టే సొమ్మంతా మొదటిదానికి మళ్ళించు. ఇలా అయితే పది నెలల్లోపే రెండు కార్డులూ, ఏడాదికి ఈఎంఐ తీరిపోతాయి.

ఇది జరగాలంటే కార్డు గీకడం ఈ రోజే ఆపాలి. పాత బాకీ ఉన్నంతకాలం వడ్డీ లేని గడువు నీకు వర్తించదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఉన్న బట్టల షాపుల్లోనో మాల్‌లోనో నువ్వు గీకిన 2,000కు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీస్తే రుసుము కూడా అదనం. యాప్‌లో మూడు కార్డులకూ లావాదేవీలు ఆపేసి, రోజువారీ ఖర్చు ఖాతాలో ఉన్న డబ్బుతోనే యూపీఐలో కానివ్వు.

గట్టిగా ఫోన్ చేసేవాళ్ళకు భయపడి వరస మార్చకు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు మళ్ళీ స్పష్టం చేసింది. హద్దు మీరితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. కార్డు కట్టడానికి లోన్ యాప్ మాత్రం ముట్టుకోకు. 2020 డిసెంబర్‌లో ఆ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్ పోలీసులు వాటి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. చనిపోయినవాళ్ళలో నీ వయసు పిల్లలున్నారు నాన్నా. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పును చౌకగా మార్చుకునే దారీ ఒకటుంది. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయి వడ్డీకి దొరికితే, 80,000కు నెలకు 3,540 బదులు 800 పడుతుంది. అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే గాజులు అడుగు. కార్డులు ఆపకముందు అడగనే అడగకు, ఖాళీ అయిన కార్డు మళ్ళీ నిండితే బాకీ రెండింతలవుతుంది.

కార్డు చెడ్డదని నేననను. పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు తెచ్చింది. నెలనెలా మొత్తం కట్టేసేవాడికి అది మేలే చేస్తుంది. అన్నీ తీరాక ఒక్క కార్డు ఉంచుకో. ఎక్కువ వడ్డీ ఉన్న మొదటిదానితో మొదలుపెట్టి మిగతా రెండూ మూసేయమని రాయి. బాకీ లేని కార్డును బ్యాంకు 7 పనిదినాల్లో మూయకపోతే ఆ తర్వాత రోజుకు 500 నీకే ఇవ్వాలని 2022 నిబంధన.

ఈ ఆదివారం ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయి: కార్డు, బాకీ, నూటికి ఎంత, గడువు తేదీ. వడ్డీ వరసలో రాసి ఫోటో తీసి నాకు పంపు. జీతం పడిన రోజునే కట్టేయి, నెలాఖరుకు మిగిలితే కడదామనుకోకు. ఏ నెలైనా 20,000 కుదరకపోతే గడువుకు ముందే నాకు ఫోన్ చెయ్యి, కూర్చుని లెక్క మార్చుకుందాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ