“మీరు యేసును నమ్మరా?”

ప్రశ్న: పక్కింటి క్రైస్తవ ఆంటీ ఇలా అడిగితే మా అమ్మాయి “నమ్మం” అనేసింది. ఏం చెప్పాలి? – ఒక సోదరి, మద్దిలపాలెం

జవాబు: సోదరీ! ఒక కొండపై దర్గా, పక్క కొండపై మేరీమాత చర్చి ఉన్న విశాఖలో ఈ ప్రశ్న మామూలే. కాని “నమ్మం” అన్నది తప్పు జవాబు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను ప్రవక్తగా విశ్వసించనిదే మన ఈమాన్ పూర్తి కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ఆయన పేరు 25 సార్లు వస్తుంది. అందులో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక స్త్రీ ఆయన తల్లి హజ్రత్ మర్యమ్. “నమ్ముతాం; దేవుడిగా కాదు, దైవప్రవక్తగా” అనాలి.

తండ్రి లేకుండా పుట్టారు కదా అంటే, ఆలి ఇమ్రాన్ సూరా 59వ ఆయత్ చూపండి. ఆదమ్ (అలైహిస్సలాం)కు తల్లీ లేదు, తండ్రీ లేడు. లూకా 3:38 కూడా ఆదామును దేవుని కుమారుడనే అంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. “దేవునికి భార్య ఉందా?” అని మనవాళ్ళు కొందరు ఎగతాళి చేస్తారు. క్రైస్తవులు ‘కుమారుడు’ అనేది ఆ అర్థంలో కాదు. వారు అనని మాటను వారికి అంటగట్టడం న్యాయమా? కుమారుడు, తండ్రి ఒకే తత్వం గలవారని 325లో నీకేయా సభ ప్రకటించింది. అసలు భేదం అక్కడుంది. మనం మార్కు 12:29, యోహాను 20:17 చూపిస్తాం. వారు యోహాను 1:1 చూపిస్తారు. చర్చ సాగినా, ఉత్తమ రీతిలోనే సాగాలని అన్‌కబూత్ సూరా 46వ ఆయత్ ఆజ్ఞ.

అమ్మాయితో మర్యమ్ సూరా 16 నుండి 36 వరకు తెలుగు అనువాదంతో చదివించి, మళ్ళీ ఆంటీ దగ్గరకు పంపండి. ఆమె వింటానంటే ఆమెకూ వినిపించమనండి.